ఎలిజబెత్ పెళ్లి ఎప్పుడు జరిగింది?

1806 సెప్టెంబరులో న్యూయార్క్‌లో రీడ్ అనే ఆయన చనిపోయాడు. ఆయన ప్రావిడెంట్ సొసైటీ అనే సంఘంలో సభ్యుడు. సభ్యుడు కన్నుమూస్తే అతని భార్యకు సంఘం నుంచి కొంత సొమ్ము ముట్టాలి. ఆ సొమ్ము ఇమ్మని ఎలిజబెత్ అడిగింది. పద్నాలుగేళ్లు ఆయనతో కాపురం చేసిన మనిషి ఆమె. చుట్టుపక్కల వాళ్లంతా రీడ్ భార్య అనే అనేవారు, గౌరవంగా చూసేవారు. సంఘం మాత్రం ఇవ్వనంది. ఆమె రీడ్‌కు భార్యే కాదని వాదించింది.

వినడానికి కటువుగా ఉన్నా, సంఘం వాదన తోసిపారేయదగ్గది కాదు. 1785లో ఎలిజబెత్ జాన్ గెస్ట్ అనే ఆయన భార్య. ఆ ఏడాదే అతను రాష్ట్రం విడిచి పరదేశం వెళ్లాడు. ఏళ్లు గడిచినా మనిషి రాలేదు. అక్కడే పోయాడన్న మాట పుట్టింది, అందరూ నమ్మారు. 1792లో ఆమె రీడ్‌ను పెళ్లాడింది. ఆ పెళ్లయ్యాక, అదే ఏడాది, గెస్ట్ తిరిగొచ్చాడు.

వచ్చినవాడు గొడవ పెట్టలేదు. ఆమె మీద తనకు ఏ హక్కూ లేదన్నాడు. వాళ్ల కాపురం జోలికి పోలేదు. అదే రాష్ట్రంలో ఎనిమిదేళ్లు బతికి, 1800 జూన్‌లో చనిపోయాడు. ఆ తర్వాత కూడా ఎలిజబెత్, రీడ్ ఎప్పటిలాగే కలిసి ఉన్నారు. మళ్లీ పెళ్లి చేసుకున్నట్టు ఎక్కడా దాఖలా లేదు. చేసుకోవాలన్న ఆలోచనే వాళ్లకు వచ్చి ఉండదు. తమకు పెళ్లయిందనే కదా వాళ్ల నమ్మకం.

కింది కోర్టులో ఎలిజబెత్ గెలిచింది. సంఘం తరఫున ఫెంటన్ అనే ఆయన పై కోర్టుకు వెళ్లాడు. 1809లో వెలువడిన ఆ తీర్పుకు ‘ఫెంటన్ వర్సెస్ రీడ్’ అని పేరు. అమెరికాలో కామన్ లా మ్యారేజ్ అని పిలిచే పెళ్లి, అంటే పురోహితుడూ లైసెన్సూ లేకుండానే చట్టం ఒప్పుకునే పెళ్లి, ఈ తీర్పుతోనే వేళ్లూనుకుంది. ఒక పెళ్లి తెగకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే ఏమవుతుందన్న ప్రశ్న కూడా అందులోనే ఉంది. ఈ రెండు ప్రశ్నలూ పుట్టుకతోనే ముడిపడ్డాయి. అందుకే ఈ కథను విడదీయకుండా చెప్పాలి.

ఏడేళ్ల లెక్క

ఒక పెళ్లి ఉండగా ఇంకోటి చేసుకోవడం ఇంగ్లండులో చాలాకాలం చర్చి కోర్టులు విచారించే పాపం. 1604లో, మొదటి జేమ్స్ రాజు కాలంలో, పార్లమెంటు దాన్ని నేరంగా మార్చింది, అదీ మరణశిక్ష పడేంత నేరంగా. అదే చట్టంలో ఒక మినహాయింపు పెట్టింది. భర్త గానీ భార్య గానీ ఏడేళ్లపాటు సముద్రాల అవతల ఉండిపోతే, లేదా దేశంలోనే ఉన్నా ఏడేళ్లు కంటికి కనబడక బతికున్నట్టు కూడా తెలియకపోతే, రెండో పెళ్లి చేసుకున్నవాళ్లకు ఆ శిక్ష లేదు. ఓడలు మునిగిపోయే కాలం, యుద్ధానికి వెళ్లినవాడి జాడ తెలియని కాలం అది. ఇంటి దగ్గర మిగిలిన ఆడమనిషి ఎన్నాళ్లని గుమ్మం వైపు చూస్తూ కూర్చుంటుంది?

న్యూయార్క్ చట్టం ఆ ఏడేళ్లను ఐదుకు తగ్గించింది. గెస్ట్ వెళ్లి ఐదేళ్లు దాటింది కాబట్టి ఎలిజబెత్ నేరస్థురాలు కాదు. అంతవరకు పేచీ లేదు. అయితే శిక్ష తప్పినంత మాత్రాన పెళ్లి చెల్లుతుందా?

కోర్టు చెల్లదంది. ఈ కథ మొత్తంలో మనం పట్టుకోవలసిన మొదటి ముడి ఇదే. గడువు దాటితే నేరం నుంచి బయటపడతాం. మొదటి పెళ్లి ముడి మాత్రం దానంతటదే ఊడిపోదు. అది ఊడాలంటే ఆ మనిషి చనిపోవాలి, లేదా కోర్టు విడాకులివ్వాలి. గెస్ట్ బతికున్నాడు, విడాకులు లేవు. కాబట్టి 1792 నాటి పెళ్లి మొదటినుంచీ లేనట్టే. గెస్ట్ తనకు హక్కు లేదని చెప్పినా, మనసారా వదిలేసినా, అది విడాకుల కింద రాదు. 1800 జూన్ దాకా ఎలిజబెత్ చట్టప్రకారం గెస్ట్ భార్యే.

ఇక మిగిలింది ఆ జూన్‌కూ 1806 సెప్టెంబరుకూ మధ్య ఉన్న ఆరేళ్ల మూడు నెలలు. ఆమె రీడ్‌కు భార్య అయి ఉంటే ఆ కాలంలోనే అయి ఉండాలి. ఎప్పుడు అయింది? ఎవరి సమక్షంలో?

మాటే పెళ్లి అయిన కాలం

దీనికి జవాబు వెతకాలంటే యూరప్‌లో ఇంకో ఆరువందల ఏళ్లు వెనక్కి నడవాలి. పన్నెండో శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ కాలానికి చర్చి ధర్మం ఒక సూత్రం దగ్గర స్థిరపడింది: ఇద్దరి సమ్మతే పెళ్లి. ‘నిన్ను చేసుకుంటున్నాను’ అని ఇద్దరూ అప్పటికప్పుడు ఒకరికొకరు చెప్పుకుంటే ఆ క్షణానే భార్యాభర్తలు. ‘చేసుకుంటాను’ అంటే అది ప్రధానం లాంటిది, ముందుమాట. ఆ ముందుమాట ఇచ్చుకున్నాక శరీరాలు కలిస్తే అదీ పెళ్లే. గుడి, పురోహితుడు, సాక్షి ఉంటే మంచిది, లేకపోతే పాపం, అంతే. పెళ్లి మాత్రం పెళ్లే.

మన గాంధర్వం గుర్తుకొస్తుంది కదూ. దానితోపాటు శకుంతల పడ్డ కష్టమూ గుర్తుకు రావాలి. అడవిలో ఇద్దరే ఉండి ఇచ్చుకున్న మాటను, నిండు సభలో ఒకరు కాదంటే రెండోవాళ్లు ఏం చూపిస్తారు? యూరప్ చర్చి కోర్టుల నిండా ఇలాంటి వ్యాజ్యాలే. మాటిచ్చి కాదన్నవాళ్లు కొందరు. ఒకరితో రహస్యంగా, ఇంకొకరితో బహిరంగంగా పెళ్లాడినవాళ్లు మరికొందరు. 1215లోనే చర్చి మహాసభ పెళ్లికి ముందు చాటింపు వేయాలని చెప్పింది గానీ, చాటింపు లేని పెళ్లిని రద్దు చేయలేదు. చివరికి 1563లో ట్రెంట్ మహాసభ గట్టిగా తేల్చింది: పాస్టరు, సాక్షులు లేని పెళ్లి పెళ్లే కాదు.

అప్పటికే ఇంగ్లండు రోమ్‌తో తెగతెంపులు చేసుకుంది. ట్రెంట్ కట్టడి అక్కడికి చేరలేదు. పద్దెనిమిదో శతాబ్దం వచ్చేసరికి లండన్‌లో ఫ్లీట్ జైలు చుట్టుపక్కల పెళ్లి ఒక వ్యాపారమైపోయింది. చాటింపు లేకుండా, పెద్దవాళ్లకు తెలియకుండా, డబ్బిస్తే పెళ్లి చేసే పాస్టర్లు అక్కడ దొరికేవారు. దీన్ని అరికట్టడానికి 1753లో లార్డ్ హార్డ్‌విక్ ఒక చట్టం తెచ్చాడు. 1754 మార్చి 25 నుంచి చర్చిలో, చాటింపుతో గానీ లైసెన్సుతో గానీ, సాక్షుల ముందు, రిజిస్టరులో సంతకాలతో జరిగితేనే పెళ్లి. యూదులకు, క్వేకర్లకు మినహాయింపు ఇచ్చారు. స్కాట్లండుకు చట్టం వర్తించలేదు. అందుకే ఇంగ్లీషు ప్రేమికులు సరిహద్దు దాటి గ్రెట్నా గ్రీన్ అనే ఊరికి పరుగెత్తేవారు. సముద్రాల అవతల ఉన్న వలసలకూ ఆ చట్టం వర్తించలేదు. న్యూయార్క్ ఆ వలసల్లో ఒకటి.

కెంట్ తేల్చిన మాట

1809లో న్యూయార్క్ సుప్రీం కోర్టు ప్రధాన న్యాయమూర్తి జేమ్స్ కెంట్. తర్వాతి కాలంలో నాలుగు సంపుటాల ‘కామెంటరీస్ ఆన్ అమెరికన్ లా’ రాసి, ఆ దేశంలో తరాల తరబడి లాయర్లకు గురువైన మనిషి. ఫెంటన్ తీర్పు కోర్టు మొత్తం పేరుమీద వచ్చినా, రాసింది ఆయనేనని న్యాయ చరిత్రకారులు చెబుతారు.

ఆయన వాదన మెట్టుమెట్టుగా నడుస్తుంది. పెళ్లికి క్రతువు తప్పనిసరి కాదు. ఇద్దరూ ఇప్పుడే భార్యాభర్తలమని ఒప్పుకుంటే, చర్చిలో జరిగిన పెళ్లితో అది సమానం. ఆ ఒప్పుదలను చూసిన సాక్షి లేకపోయినా ఫరవాలేదు. వాళ్లు కాపురం చేసిన తీరు, తమ గురించి చెప్పుకున్న మాట, నలుగురూ వాళ్లను చూసిన చూపు, వీటినిబట్టి ఒప్పుదల ఉందని కోర్టు నిర్ధారించుకోవచ్చు. గెస్ట్ చనిపోయాక వాళ్లిద్దరి మధ్య అడ్డు లేదు. ఆ తర్వాత ఆరేళ్లు భార్యాభర్తల్లాగే ఉన్నారు. కాబట్టి ఆ ఆరేళ్లలో ఏదో ఒక రోజు వాళ్లకు పెళ్లయింది. ఏ రోజన్నది తెలియదు, తెలియనక్కర్లేదు.

ఎలిజబెత్ గెలిచింది. సంఘం ఆమెను రీడ్ భార్యగా ఒప్పుకోక తప్పలేదు.

ఈ తీర్పులోని రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మొదటి సగం కఠినం: ఒక పెళ్లి బతికుండగా ఇంకో పెళ్లి పుట్టదు, ఎంత కాలం గడిచినా, ఎంత మంచి మనసుతో చేసుకున్నా సరే. రెండో సగం దయ: అడ్డు తొలగాక, కాపురమే సాక్ష్యంగా పెళ్లి పుడుతుంది. దయ ఒక్కటే ఉంటే ప్రతి చిన్నిల్లూ పెళ్లి అయిపోతుంది, మొదటి భార్య వీధిన పడుతుంది. కాఠిన్యం ఒక్కటే ఉంటే ఎలిజబెత్ లాంటివాళ్లు వీధిన పడతారు. రెండూ కలిసి ఉన్నందుకే ఆ తీర్పు నిలబడింది.

కట్టడి ఎవరి పక్షం?

కామన్ లా అంటే ఇంగ్లండులో తరతరాల తీర్పులతో పెరిగిన ధర్మం. అయితే పురోహితుడు లేని పెళ్లిని ఆ ధర్మం పూర్తిగా ఒప్పుకుందా అన్నది వివాదమే. పెళ్లి చట్టాల చరిత్ర మీద ఏళ్ల తరబడి పనిచేసిన రెబెకా ప్రోబర్ట్, అలాంటి పెళ్లి ఇంగ్లండులో ఎన్నడూ చెల్లలేదని గట్టిగా వాదించారు. పేరు ఇంగ్లీషుదే అయినా, పుట్టుక న్యూయార్క్‌లోనే అనుకోవాలి.

ఇంగ్లండు ఈ ప్రశ్నను 1844లో ఎదుర్కొంది. ఆ కేసూ రెండో పెళ్లి కేసే. జార్జ్ మిల్లిస్ అనే ఆయన ఐర్లండులో ప్రెస్బిటేరియన్ పాస్టరు చేతుల మీదుగా ఒక ఆమెను పెళ్లాడాడు. కొన్నేళ్ల తర్వాత ఇంగ్లండులో మరొకామెను పెళ్లాడాడు. నేరం మోపితే, మొదటిది పెళ్లే కాదన్నాడు. చేసింది ఆంగ్లికన్ చర్చి పాస్టరు కాదు కాబట్టి చెల్లదన్నాడు. హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో న్యాయమూర్తులు సరిసమానంగా చీలిపోయారు. ఆ చీలికతో మిల్లిస్ బయటపడ్డాడు. అతన్ని నమ్మి, పాస్టరు ముందు చెయ్యి పట్టుకున్న మొదటి ఇల్లాలు ఒక్కరోజులో భార్య కాకుండా పోయింది.

న్యూయార్క్‌లో కట్టడి సడలించడం వల్ల ఒక ఆడమనిషి నిలబడింది. లండన్‌లో కట్టడి బిగించడం వల్ల ఇద్దరిని మోసం చేసిన మగవాడు నిలబడ్డాడు. పెళ్లికి క్రతువు కావాలా వద్దా అని ఎవరైనా గట్టిగా మాట్లాడినప్పుడు ఈ రెండు కేసులూ నాకు ఒకేసారి గుర్తుకొస్తాయి. ఆ ప్రశ్న ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంటి మీద పడుతుంది.

బానిస కాపురాల జాబితా

కెంట్ మాట రాష్ట్రాల కోర్టుల్లోకి పాకింది. జనం పడమరకు తరలుతున్న కాలం. వందల మైళ్లు పోయినా పాస్టరు దొరకని చోట్లు. 1877 నాటి ‘మీస్టర్ వర్సెస్ మూర్’ కేసులో అమెరికా సుప్రీం కోర్టు కూడా ఆ దారే పట్టింది. మౌరీ అనే తెల్లవాడు, మిచిగన్‌లో పేరో అనే ఆదివాసీ కూతురు మేరీని క్రతువు లేకుండా పెళ్లాడాడు. పాస్టరో మేజిస్ట్రేటో లేకపోతే చెల్లదని కింది కోర్టు జూరీకి చెప్పింది. సుప్రీం కోర్టు అది తప్పంది. క్రతువు లేని పెళ్లి రద్దని చట్టం విప్పి చెప్పనంతవరకు, లైసెన్సుల గురించీ పాస్టర్ల గురించీ ఉన్న నిబంధనలు దారి చూపేవే గానీ, పెళ్లిని చంపేవి కావని తేల్చింది.

ఈ ఆలోచన అన్నిటికన్నా లోతుగా తాకింది బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లజాతి వాళ్లను. బానిసకు చట్టప్రకారం పెళ్లి లేదు. వాళ్లూ పెళ్లాడారు, పిల్లల్ని కన్నారు. యజమాని ఒకరిని అమ్మేస్తే ఆ కాపురం అక్కడితో ఆఖరు. 1865లో బానిసత్వం రద్దయ్యాక, ఏళ్లుగా కలిసి ఉన్న ఈ జంటలు చట్టానికి ఏమవుతారు? వర్జీనియా రాష్ట్రం 1866 ఫిబ్రవరి 27న ఒక చట్టం చేసింది. ఆ రోజుకు భార్యాభర్తలుగా కలిసి ఉన్న జంటలన్నీ చట్టబద్ధ దంపతులే. ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అనే కేంద్ర ప్రభుత్వ విభాగం అధికారులు కౌంటీల్లో వాళ్ల పేర్లు రాసుకున్నారు.

ఆ రిజిస్టర్లలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. పొడవాటి కాగితాలు, గీతలు గీసిన గళ్లు. భర్త పేరు, వయసు, పుట్టిన చోటు, చేసే పని, ఆఖరి యజమాని పేరు. పక్కనే భార్యకూ దాదాపు అవే గళ్లు. పిల్లల పేర్లు, వయసులు. ఇంకో గడి: కాపురం మొదలైన తేదీ. ఎవరూ రాసిపెట్టని ఆ తేదీని, వాళ్లు తమ జ్ఞాపకంలోంచి తీసి గుమాస్తాకు చెప్పారు. ఎలిజబెత్ విషయంలో కోర్టు ఊహించుకున్న రోజు ఇక్కడ ఒక గడిలో సిరాతో పడింది.

అందరికీ ఆ గడి నింపడం తేలిక కాలేదు. భర్తను అమ్మేస్తే, ఏళ్ల తర్వాత వేరొకరితో కాపురం పెట్టుకున్న ఆడవాళ్లున్నారు. యుద్ధం అయ్యాక ఆ పాత భర్త వెతుక్కుంటూ వచ్చాడు. ఇద్దరూ బతికే ఉన్నారు, ఇద్దరితోనూ పిల్లలున్నారు, తప్పెవరిదీ కాదు. గెస్ట్ తిరిగొచ్చిన కథ, ఈసారి వేల గుమ్మాల ముందు జరిగింది. ఒకరినే ఎంచుకోమంది కొత్త చట్టం. విడదీసింది పాత చట్టం. మధ్యలో నలిగింది వాళ్లు.

తలుపులు మూసుకున్న వరస

ఇరవయ్యో శతాబ్దంలో గాలి మారింది. పింఛన్లు, బీమా, ఆస్తి పంపకాలు పెరిగాయి. మనిషి పోయాక, ఆయన నన్నూ పెళ్లాడాడంటూ వచ్చేవాళ్లూ పెరిగారు. ఊళ్లు నగరాలయ్యాక ‘నలుగురి చూపు’ అనే సాక్ష్యం పలచబడింది. కామన్ లా పెళ్లికి పురుడు పోసిన న్యూయార్కే 1933లో దాన్ని ఆపేసింది. 2005 నుంచి పెన్సిల్వేనియా, 2017 నుంచి అలబామా, 2019లో కోర్టు తీర్పుతో సౌత్ కరోలినా ఆ దారినే నడిచాయి. టెక్సస్, కొలరాడో, అయోవా, కాన్సస్, మోంటానా లాంటి కొన్ని చోట్ల మాత్రం ఇప్పటికీ ఉంది. అక్కడ సక్రమంగా ఏర్పడిన పెళ్లిని మిగతా రాష్ట్రాలూ సాధారణంగా ఒప్పుకుంటాయి.

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్‌లలో తెలుగు ఇళ్లు లెక్కలేనన్ని. అందుకే టెక్సస్ సంగతి మనవాళ్లు తెలుసుకోవాలి. ఇన్నేళ్లు కలిసుంటే పెళ్లయినట్టే అన్న నియమం అక్కడ లేదు. ఏడేళ్ల మాట ఉత్త పుకారు. కావలసినవి మూడు: భార్యాభర్తలమని ఇద్దరూ ఒప్పుకోవాలి, ఆ తర్వాత టెక్సస్‌లో కలిసి ఉండాలి, అక్కడే నలుగురికీ దంపతులమని చెప్పుకోవాలి. అద్దె పంచుకున్నంత మాత్రాన పెళ్లి కాదు. అయితే బీమా ఫారంలో భార్య అని రాసి, పన్నుల లెక్కలో దంపతులమని చూపితే, రేపు కోర్టులో అవే సాక్ష్యాలవుతాయి.

చాలామంది జారిపడేది దీని తర్వాతి మెట్టు దగ్గర. ఈ పెళ్లి కాగితం లేకుండా వస్తుంది గానీ, కాగితం లేకుండా పోదు. కామన్ లా విడాకులు అనేవి ఎక్కడా లేవు. ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయి ఇంకొకరిని పెళ్లాడితే, మొదటిది పెళ్లేనని తేలిన నాడు రెండోది చెల్లదు, నేరమూ కావచ్చు. విడిపోయిన రెండేళ్లలోపు ఎవరూ కోర్టుకెక్కకపోతే, అసలు ఒప్పందమే లేదని మొదట అనుకోవాలని టెక్సస్ చట్టం అంటుంది. దాన్ని కూడా సాక్ష్యంతో తిప్పికొట్టవచ్చు. ఇక ఎలిజబెత్ కేసు దాదాపు అక్షరాలా ఆ చట్టంలో ఉంది: మొదటి పెళ్లి ఉండగా చేసుకున్న రెండోది శూన్యం, కానీ మొదటిది రద్దయ్యాక కూడా ఆ ఇద్దరూ దంపతులుగానే ఉంటూ అలాగే చెప్పుకుంటే, అది చెల్లుతుంది.

తిరుపతి నుంచి మిస్సోరి దాకా

మన దగ్గర కథ వేరే దారిలో నడిచి, చిత్రంగా అక్కడికే చేరింది. 1860 నాటి శిక్షాస్మృతి 494వ సెక్షను రెండో పెళ్లిని నేరం చేసింది. గరిష్ఠ శిక్ష ఏడేళ్లు. అందులోనూ ఏడేళ్లు కబురు లేని భర్త లేదా భార్య గురించిన మినహాయింపు ఉంది. జేమ్స్ రాజు నాటి ఆలోచన మన పుస్తకంలోకీ వచ్చిందన్నమాట. అయితే మన చట్టం ఒక షరతు చేర్చింది: కొత్తగా పెళ్లాడే మనిషికి ఉన్న సంగతంతా ముందే చెప్పాలి. 2024 జూలై నుంచి ఇదంతా భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షనులో ఉంది.

హిందూ పురుషులు ఒకరికి మించి పెళ్లాడటాన్ని మద్రాసు రాష్ట్రం 1949లో నిషేధించింది. కోస్తా, రాయలసీమ అప్పుడు అందులోనివే. 1955 హిందూ వివాహ చట్టం ఆ నిషేధాన్ని దేశానికి విస్తరించింది. కానీ మిల్లిస్ వెళ్లిన సందులోంచి మన దగ్గరా జారుకున్నారు. 1965లో మహారాష్ట్ర నుంచి వచ్చిన కేసులో, రెండో పెళ్లిలో హోమం, సప్తపది జరిగినట్టు రుజువు కాలేదు కాబట్టి అది పెళ్లే కాదని, పెళ్లి కాకపోతే నేరమూ లేదని సుప్రీం కోర్టు భర్తను నిర్దోషిగా వదిలింది. భార్య గుండెకోతకు జవాబుగా ఏడడుగుల లెక్క వినిపించింది. ఫిర్యాదు చేసే దారినైనా సులువు చేయాలని ఆంధ్రప్రదేశ్ 1992లో సవరణ తెచ్చి, ఈ నేరంలో పోలీసులు నేరుగా కేసు పెట్టేలా చేసింది.

మన తెలుగు నేల మీదే పుట్టిన ఇంకో కేసు ఉంది. 1975లో తిరుపతిలో పెళ్లయిన జంట. మూడేళ్లకు విడిపోయారు. భర్త అమెరికాలో మిస్సోరి కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. తిరుపతి భార్య నేరం కింద కేసు పెట్టింది. 1991లో సుప్రీం కోర్టు ఆమె మాట విన్నది. పెళ్లి ఏ చట్టం కింద జరిగిందో, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద, అధికారమున్న కోర్టు ఇస్తేనే విడాకులు. భార్య ఇష్టపూర్వకంగా హాజరుకాని పరాయి దేశపు డిక్రీ ఇక్కడ ఆ ముడిని విప్పదంది. పెద్దమనుషుల ముందు స్టాంపు కాగితం మీద రాసుకునే తెగతెంపులూ అంతే. తమ కులాచారంలో అలాంటి విడాకులు ఉన్నాయని రుజువైతే తప్ప, ఆ కాగితం నమ్మి చేసుకున్న మారుమనువు చెల్లదు.

దయ వైపు కూడా మన కోర్టులు నడిచాయి. 1978లో, సుమారు యాభై ఏళ్లు దంపతులుగా బతికిన జంటను ఇప్పుడు పెళ్లి రుజువు చేయమనడమేమిటని జస్టిస్ కృష్ణయ్యర్ ప్రశ్నించారు. 2010లో కోయంబత్తూరు నుంచి వచ్చిన ఒక భరణం కేసులో, గృహహింస చట్టంలోని ‘వివాహం లాంటి సంబంధం’ అంటే ఏమిటో చెప్పడానికి జస్టిస్ మార్కండేయ కట్జూ కామన్ లా మ్యారేజ్‌నే ఎత్తి చూపారు. సమాజం ముందు దంపతుల్లా మెలగాలి, తగిన వయసు ఉండాలి, ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం కలిసి ఉండాలి, పెళ్లికి అర్హులై ఉండాలి, అంటే ఇద్దరిలో ఎవరికీ వేరే పెళ్లి ఉండకూడదు. న్యూయార్క్‌లో 1809లో పుట్టిన మాట రెండు వందల ఏళ్లు తిరిగి, అదే కాఠిన్యం, అదే దయ రెండింటినీ మోసుకుని ఢిల్లీ చేరింది.

నా మనసు ఇక్కడ కుదుటపడదు. పెళ్లయిన మగవాడితో ఏళ్లు గడిపి, చివరికి ఏమీ మిగలని ఆడవాళ్లను ఆ నాలుగో షరతు గుమ్మం బయటే నిలబెడుతుంది. 2013లో సుప్రీం కోర్టే ఈ సంగతి గుర్తించి, వాళ్ల కోసం చట్టం చేయమని పార్లమెంటును కోరింది. చెల్లని పెళ్లికి పుట్టిన పిల్లలు సక్రమ సంతానమేనని చట్టం ఒప్పుకుంటోంది. తల్లి సంగతే ఇంకా తేలలేదు. మొదటి భార్య హక్కు ఒక్క వెంట్రుక కూడా తగ్గకుండా, మోసపోయిన రెండో ఆమెకు అన్నం పెట్టే దారి వెతకడం మన తరం పని.

టెక్సస్‌లో ఇలాంటి పెళ్లిని నమోదు చేసుకోవడానికి కౌంటీ ఆఫీసులో ఒక ఫారం ఇస్తారు. అందులో ప్రమాణం ఉంటుంది: సుమారు ఫలానా తేదీన మేం భార్యాభర్తలమని ఒప్పుకున్నాం. తేదీ దగ్గర ఖాళీ. ‘సుమారు’ అని చట్టమే రాసింది, ఇలాంటి పెళ్లికి కచ్చితమైన ముహూర్తం ఉండదని దానికీ తెలుసు. దాని కిందే ఇంకో వాక్యం: ఆ తేదీ నుంచి నాకు వేరెవరితోనూ పెళ్లి లేదు.

ఆ కాగితం ఎలిజబెత్ ముందు పెడితే, ఆమె 1792 అనే రాసేది. నమ్మి చేసుకున్న పెళ్లి అదే. రెండో వాక్యం దగ్గర ఆ తేదీ కొట్టేయవలసి వచ్చేది. గెస్ట్ పోయిన జూన్ దాటాక ఏదో ఒక రోజు రాయాలి. ఏ రోజు? పొద్దున్నే పొయ్యి రాజేసి, రీడ్‌ను పనికి పంపి, సాయంత్రం అతని కోసం దీపం పెట్టిన ఒక మామూలు రోజు. ఆమెకు తెలియకుండానే ఆమె పెళ్లి జరిగిన రోజు.